గురి కుదరని వారిని గోల్ఫ్ కోర్సులోకి పంపకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, నేను ఆడే గోల్ఫ్ కోర్సులో (మైదానంలో) ఒక కేడీ, అంటే ఆటగాళ్ల బ్యాగులు మోసే సహాయకుడి భుజానికి బంతి తగిలింది. పక్క హోల్ (కోర్సులో ఒక ఆట భాగం) టీ మీద నుంచి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి, కొట్టిన బంతి అది. కొట్టినాయన కొత్తగా చేరిన సభ్యుడు. బంతి కుడివైపుకు వంకర తిరిగి, చెట్ల మీదుగా మా వైపు వస్తున్నా ఆయన నోటి నుంచి "ఫోర్" అన్న హెచ్చరిక కేక రాలేదు. ఆయనతో ఉన్న ముగ్గురూ అరవలేదు. కేడీ బ్యాగ్ వదిలేసి అక్కడే కూలబడ్డాడు. మేం ఐస్ తెప్పించి పెడుతుండగా ఆయన కార్టులో వచ్చి, "సారీ అండీ, ఇటు వస్తుందనుకోలేదు" అన్నారు. ఆ మాట నిజమే. తన బంతి ఎటు వెళ్తుందో ఆయనకు తెలియదు. ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ మాటే.

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములు మించదు. కానీ డ్రైవర్ అనే, దూరం కొట్టే పొడవాటి కర్రతో గట్టిగా తగిలితే మామూలు సభ్యుడు కొట్టిన బంతి కూడా గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కోర్సులో ఉండేది ఆడేవాళ్లొక్కరే కాదు. బ్యాగులు మోసే కేడీలు ఉంటారు. గడ్డి కోసేవాళ్లు, నీళ్ల పైపులు మార్చేవాళ్లు, పొద్దున్నే వంగి కలుపు తీసే ఆడవాళ్లు ఉంటారు. చాలాసార్లు బంతి వచ్చే దిక్కుకు వాళ్ల వీపు ఉంటుంది. పైగా నెత్తిన హెల్మెట్ ఉండదు. అందుకే దీన్ని క్లబ్బు లోపలి వ్యవహారమని వదిలేయలేక మీకు రాస్తున్నాను.

ఈ ఆట మీద మనవాళ్లకు ఆసక్తి పెరిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క స్ట్రోకు (దెబ్బ) తేడాతో పతకం చేజారి 4వ స్థానంలో నిలిచిన రోజు, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడా పొద్దున్నే లేచి టీవీ పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో, విశాఖలో నేర్చుకునేవారు కనిపిస్తున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, డాక్టర్లు, స్కూలు పిల్లలు వస్తున్నారు. రావాలి కూడా. కానీ సాధన చేసే రేంజిలో రెండు బుట్టల బంతులు కొట్టి, ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, మూడో వారానికే డ్రైవర్ పట్టుకుని మొదటి టీ మీద నిలబడితే ఎలా? కారు నేర్చుకునేవాడిని మొదటిరోజే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎవరూ పంపరు కదా.

నాకు 48వ ఏట ఈ ఆట నేర్పింది ఒక కేడీ. పెద్ద కోచ్ దగ్గరికి వెళ్లే స్తోమత అప్పట్లో లేదు. ఆయన నన్ను దాదాపు నెల రోజులు కోర్సులోకి అడుగుపెట్టనివ్వలేదు. "కొట్టడం తర్వాత సార్, ముందు నిలబడడం చూడండి" అనేవాడు. నేల మీద రెండు క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) పక్కపక్కన పరిచి, రైలు పట్టాల్లాగా చూపించేవాడు. ఒక పట్టా మీద బంతి, ఇంకో పట్టా మీద మన పాదాలు. గమ్యం దగ్గర పాతిన జెండా వైపు గురిపెట్టాల్సింది క్లబ్ ముఖాన్ని, అంటే బంతిని తాకే వైపును. కుడిచేతి వాటం ఆటగాడికి పాదాలు, నడుము, భుజాలు ఆ గీతకు సమాంతరంగా, జెండాకు కాస్త ఎడమగా ఉండాలి. కొత్తవాళ్లలో చాలామంది పాదాలనే జెండా వైపు పెడతారు. గురి అక్కడే తప్పుతుంది. తర్వాత ఎంత బలంగా కొడితే బంతి అంత పక్కకు పోతుంది.

ఇక పట్టు. కొబ్బరికాయ కొట్టేవాడిలా క్లబ్బును బిగించి పట్టుకుంటే మణికట్లు కదలవు. "చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేటప్పుడు ఎంత బిగువు ఉంటుందో అంత చాలు సార్" అని ఆ కేడీ చెప్పిన మాట 18 ఏళ్లయినా నేను మరిచిపోలేదు. పైనుంచి చూసుకుంటే ఎడమచేతి కణుపులు రెండో మూడో కనబడాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూడాలి. బంతి కుడివైపుకు వంకర తిరిగి పోవడాన్ని స్లైస్ అంటారు. బంతిని తాకే క్షణంలో క్లబ్ ముఖం, క్లబ్ కదిలే దారికన్నా తెరుచుకుని ఉంటే అది వస్తుంది. చాలాసార్లు దాని మూలం పట్టులోనే దొరుకుతుంది. మొన్న దెబ్బ తగిలిన మా కేడీ భుజం మీద నల్లగా కమిలిన మచ్చ ఎవరో ఒకరు పట్టు సరిచేసుకోకపోవడం వల్ల వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే నాకు ప్రాథమిక పాఠాలు వేరు, కోర్సు మర్యాదలు వేరు అనిపించదు. గురి నేర్చుకోవడమే పక్కవాడికిచ్చే మొదటి గౌరవం. నెల రోజులు 7 నంబర్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్బుతో సగం స్వింగ్ సాధన చేసి, ప్రతి షాట్ చివర్లో తూలకుండా ముందుకాలి మీద మూడు సెకన్లు నిలబడగలిగినవాడు కోర్సులో ఎవరికీ ప్రమాదం కాడు. దూరం తర్వాత దానంతటదే వస్తుంది. ఇంకో మాట. పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్స్‌ను 72 దెబ్బల్లో ముగించాల్సిన చోట, ఒక్కో గ్రీన్‌కు (జెండా చుట్టూ నున్నగా కోసిన గడ్డికి) రెండేసి పుట్‌ల (బంతిని నేల మీద దొర్లించే మెల్లని దెబ్బల) లెక్కన 36 స్ట్రోకులు పుట్టింగ్ కోసమే వదిలిపెట్టారు. అంటే సగం. మన రేంజిల్లో చూడండి, డ్రైవర్ చప్పుడే వినిపిస్తుంది, పక్కనే ఉన్న పుట్టింగ్ గ్రీన్ మీద ఒక్కరూ కనబడరు.

గ్రీన్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మన వేడిలో కోర్సుల మీద ఎక్కువగా పెంచేది బెర్ముడా గడ్డి. అది మనం వినాయకుడికి పెట్టే గరిక జాతిదే. మొండి గడ్డి, ఎండకు తట్టుకుంటుంది. అయినా ఎత్తు నుంచి పడిన బంతి గుంట చేస్తే, దాన్ని అలాగే వదిలేస్తే అక్కడ గడ్డి చచ్చి కొన్ని వారాలు మచ్చగా మిగిలిపోతుంది. సరిచేయడానికి అర నిమిషం కూడా పట్టదు. చిన్న ఫోర్కును గుంట అంచుల్లో గుచ్చి మట్టిని మధ్యకు నెట్టాలి, తర్వాత పుటర్‌తో మెల్లగా అదమాలి. చాలామంది ఫోర్కును కింద నుంచి పైకి లేపుతారు, దాంతో వేళ్లు తెగుతాయి. బంకర్ అనే ఇసుక గుంటలోకి తక్కువ ఎత్తున్న వైపు నుంచి దిగడం, బయటికొస్తూ ఇసుక సర్దడం, ఫెయిర్‌వేలో (టీకీ గ్రీన్‌కూ మధ్య పొట్టిగా కోసిన దారిలో) క్లబ్బుకు లేచిన గడ్డిపెళ్లను తిరిగి పెట్టడమో ఆ గుంటలో ఇసుక పోయడమో చేయడం, ఇవన్నీ వెనకాల వచ్చేవాడి కోసం. ఇదంతా కేడీ పని అని కొందరు చెయ్యి ఊపి వెళ్లిపోతారు. గుంట చేసింది మనమైనప్పుడు పూడ్చాల్సిందీ మనమే.

ఆలస్యం గురించి ఎక్కువ రాయను. 2019లో నిబంధనలు మార్చినప్పుడు పోయిన బంతిని వెతకడానికి ఉన్న 5 నిమిషాలను 3 నిమిషాలకు తగ్గించారు. ఒక్కో షాట్‌కు 40 సెకన్లు మించవద్దని సూచించారు. ప్రమాదం లేనప్పుడు సిద్ధంగా ఉన్నవాడు ముందు కొట్టవచ్చన్నారు. వెనక గుంపు వేగంగా ఆడుతుంటే పక్కకు తప్పుకుని చెయ్యి ఊపడం పాత పద్ధతే. ఇంకొకరు పుట్ చేస్తున్నప్పుడు ఫోన్ మోగకుండా చూసుకోవడం, వాళ్ల బంతి దారిని తొక్కకపోవడం, మన నీడ ఆ దారి మీద పడకుండా నిలబడడం ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుతుండగా అడ్డం రాకపోవడం లాంటివే.

ఈ ఆటలో అంపైర్ పక్కన నిలబడడు. మన తప్పు మనమే చెప్పుకోవాలి. మన పిల్లలకు చెప్పడానికి దీనికో మంచి ఉదాహరణ దొరికింది. తెలుగు తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో టూర్ ఛాంపియన్‌షిప్ అనే పెద్ద పోటీ ఆడుతున్నాడు. మూడో రౌండ్ 17వ హోల్‌లో బంతి బంకర్‌లో పడింది. క్లబ్బును వెనక్కి తీసేటప్పుడు కాస్త ఇసుక కదిలినట్టు అతనికి అనిపించింది. అది నిబంధనకు విరుద్ధం, కానీ ఎవరూ గమనించలేదు. అతనే రూల్స్ అధికారిని పిలిచి చెప్పి, 2 స్ట్రోకుల జరిమానా వేయించుకున్నాడు. చివరికి 3వ స్థానంలో నిలిచాడు. రెండో స్థానానికీ అతనికీ మధ్య తేడా సరిగ్గా ఆ 2 స్ట్రోకులే. అంత పెద్ద బహుమతి సొమ్ము ముందున్నా ఆ కుర్రాడు అలా నిలబడ్డాడంటే నాకు కళ్లు చెమర్చాయి.

మన రెండు రాష్ట్రాల్లోని కోర్సుల నిర్వాహకులను నేను కోరేది ఒక్కటే. సభ్యత్వం డబ్బు కట్టినంత మాత్రాన మొదటి టీ మీదికి పంపకండి. జర్మనీలో 'ప్లాట్స్‌రైఫె' అనే అర్హత పరీక్ష ఉంది. స్వీడన్‌లో గ్రీన్ కార్డు అంటారు. కొత్తవాడు కొన్ని హోల్స్ ఆడి చూపించాలి, నిబంధనలు, మర్యాదలు తెలుసని నిరూపించుకోవాలి. మన దగ్గర అంత హంగామా అక్కర్లేదు. 7 నంబర్ ఐరన్‌తో పది బంతుల్లో ఆరైనా ఫెయిర్‌వే వెడల్పు దాటకుండా కొట్టగలగాలి. గ్రీన్ మీద గుంట ఎలా పూడ్చాలో, ఎప్పుడు "ఫోర్" అని అరవాలో చేసి చూపించాలి. తర్వాత అనుభవం ఉన్న కేడీతో రెండు హోల్స్ నడవాలి. ఆ కేడీ "ఇంకా కాదు" అంటే, వచ్చినవారు ఎంత పెద్దవారైనా సరే, ఇంకా కాదనే అర్థం కావాలి. ఈ అధికారం కేడీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

అలాగే గడ్డి పనివాళ్లకు, కేడీలకు హెల్మెట్లు, ప్రమాద బీమా ఇవ్వాలి. ఒక క్లబ్బు సెట్టు ఖరీదులో ఎన్ని హెల్మెట్లు వస్తాయో లెక్క వేసుకుంటే ఇది భారం కాదని నిర్వాహకులకే తెలుస్తుంది.

దెబ్బ తగిలిన ఆ కేడీ 12 రోజులు పనికి రాలేదు. ఆ 12 రోజుల కూలీ మేం నలుగురం కలిసి ఇచ్చాం, కొట్టినాయన కూడా తర్వాత వచ్చి తన వంతు ఇచ్చారు. ఇప్పుడు కేడీ మళ్లీ పనిలోకి వస్తున్నాడు. కాకపోతే పక్క హోల్ టీ మీద ఎవరైనా కనబడితే బ్యాగ్‌ను ముందు పెట్టుకుని చెట్టు చాటుకు వెళ్లి నిలబడుతున్నాడు. నేను పిలిచినా, వాళ్లు కొట్టడం పూర్తయ్యేదాకా రావడం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్