బావా, ఇల్లు అమ్మేశాను

విజయనగరం,
6 నవంబరు 2025

బావా,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను. ఇల్లు ఎందుకు అమ్మావంటే అమ్మాయి చదువు కోసం అన్నాను. అమ్మాయి చదువుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. బ్యాంకువాళ్లు వేలం వేసేలోపు నేనే అమ్ముకున్నాను. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ ఇంత సూటిగా రాయలేను.

చిన్నప్పటినుంచి నీ దగ్గర ఏదీ దాచనివాణ్ని, ఇదొక్కటీ పది నెలలు దాచాను. ఇప్పుడు కూడా రాసేవాణ్ని కాదేమో. కానీ ఫోను పెట్టేసే ముందు నువ్వు ఒక మాట అన్నావు చూడు, "జీడిపప్పు యూనిట్ మీది లోను రెండు వాయిదాలు తప్పాయి, సర్దుకుంటుందిలే" అని. ఆ "సర్దుకుంటుందిలే" నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. సంక్రాంతికి నేను మా ఆవిడతో అన్న మాటా అదే. కాబట్టి ఉత్తరం పొడవైనా ఓపికగా చదువు. చెల్లెమ్మ చేత కూడా చదివించు.

2018లో ఇంటి రుణం 24 లక్షలు తీసుకున్నాను, ఇరవై ఏళ్ల గడువు, నెలకు 20,800 చిల్లర. అప్పుడు మా అచ్చు ప్రెస్సుకు పెళ్లిళ్ల నెలల్లో రాత్రి పన్నెండింటిదాకా పని ఉండేది, నువ్వే చూశావు. 2020లో కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగాయి, శుభలేఖలు ఆగాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదాలు కట్టనక్కరలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇస్తే ఎంత సంతోషించానో! ఆ ఆరు నెలల వడ్డీ వెళ్లి అసలులో కూర్చుంటుందని తెలిసినా లోతుగా ఆలోచించలేదు. ఆ తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం నుంచి 6.5కు వెళ్లింది. నాది ఫ్లోటింగ్ వడ్డీ, ఆ రేటుతోపాటే మారేది. నెలవారీ కట్టేది మారలేదు కాబట్టి ఏమీ జరగలేదనుకున్నాను. లోపల మాత్రం ఇంకా పద్నాలుగేళ్లలో తీరవలసిన అప్పు పద్దెనిమిదేళ్లు దాటిపోయింది. బావా, ఏడాదికి ఒకసారైనా లోను స్టేట్‌మెంటు తెప్పించుకుని "ఇంకా ఎన్ని నెలలు" అన్న గడి చూసి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. చూడలేదు.

జనం శుభలేఖలు ఫోనులోనే పంపుకోవడం మొదలుపెట్టాక రాబడి సగం అయింది. బంగారం తాకట్టు పెట్టాను, చేబదుళ్లు తెచ్చాను, కాగితం కొట్టులో అరువు పెట్టాను. ఈ జనవరిలో మొదటిసారి వాయిదా తప్పింది. ఏప్రిల్లో తొంభై రోజులు దాటాయి, ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది. మే నెలలో రిజిస్టర్డ్ పోస్టులో సర్ఫేసీ చట్టం కింద డిమాండ్ నోటీసు వచ్చింది. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే చట్టం అది. మొత్తం బాకీ అరవై రోజుల్లో కట్టాలి. దాన్ని రెండు వారాలు బీరువాలో చీరల కింద దాచాను. బట్టలు సర్దుతూ మా ఆవిడే తీసింది. ఒక్క మాటా అనలేదు, నోటీసు మడతలు చేత్తో సాపు చేసి నా ముందు పెట్టింది.

ఆ రెండు వారాలు నేను వృథా చేసినవి. నోటీసు అందాక మన అభ్యంతరం, మన పరిస్థితి రాతపూర్వకంగా ఇస్తే పదిహేను రోజుల్లో కారణాలు చూపుతూ బ్యాంకు జవాబివ్వాలి. నేను ఆలస్యంగా ఇచ్చాను. జవాబు వచ్చింది, కుదరదని. కానీ ఆ కాగితం ఇవ్వడానికి వెళ్లిన రోజునే మేనేజరుతో మొదటిసారి ఎదురుగా కూర్చుని మాట్లాడాను. నెలల తరబడి ఫోను ఎత్తకుండా తప్పించుకున్న నేను, ఆయన "కూర్చోండి" అనగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆయన చెప్పిన మాట ఒకటే. "మీ ఇల్లు మీరు అమ్ముకుంటే మంచి ధర వస్తుంది. మా చేతికి వస్తే వేలం ధరే వస్తుంది. వేలం ప్రకటన వెలువడేదాకా మీకు సమయం ఉంది."

ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకో. 2016లో చట్టం సవరించాక, వేలం నోటీసు ప్రకటించేలోపే మొత్తం బాకీ, ఖర్చులు కట్టి ఆస్తి విడిపించుకోవాలి. ఆ తర్వాత డబ్బు పట్టుకెళ్లినా విడిపించుకునే హక్కు ఉండదు. వేలం రోజు దాకా ఆగవచ్చని మన ఊళ్లలో ఇంకా చాలామంది నమ్ముతున్నారు. ఇంకొకటి, డిమాండ్ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఆస్తిని అమ్మకూడదు, లీజుకూ ఇవ్వకూడదు. నాకు తెలియక ఒకాయన దగ్గర బయానా పుచ్చుకోబోయాను. అది పుచ్చుకుని ఉంటే ఇంకో చిక్కులో పడేవాణ్ని.

ఆగస్టులో గేటుకు స్వాధీన నోటీసు అంటించారు. ఇల్లు ఖాళీ చేయించలేదు, కాగితం మీద స్వాధీనం అంతే. వచ్చిన కుర్రవాడు పొద్దున్నే ఒక డబ్బాలో మైదా పేస్టు, బ్రష్షు తెచ్చుకున్నాడు. మా ఆవిడ అప్పుడే ముగ్గు వేస్తోంది. అతను ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వంగి అంటించాడు. ఆవిడ తలెత్తకుండా మిగతా ముగ్గు పూర్తి చేసి లోపలికి వచ్చింది. నేను కిటికీలోంచి చూశాను. బయటికి వెళ్లలేకపోయాను.

రెండు పత్రికల్లో ప్రకటన పడింది, ఒకటి తెలుగులో. పాతికేళ్లుగా ఎందరివో పేర్లు అచ్చు వేశాను కదా, పసుపు రంగు కార్డు మీద ఎర్ర అక్షరాల్లో. నా పేరు అలా నల్లని గళ్ల మధ్య, పక్కన బాకీ అంకెతో చూసుకున్నప్పుడు పత్రిక చేతిలో నిలవలేదు. కింద ఆస్తి వివరం, నాలుగు హద్దులు. తూర్పు హద్దు ఎదురుగా పక్కింటి మామ్మగారి పేరు ఉంది. దస్తావేజులో ఉన్న హద్దునే వాళ్లు ఎత్తి రాశారు.

మధ్యాహ్నం మామ్మగారు పత్రిక పట్టుకుని వచ్చారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, చేతులు వణుకుతున్నాయి. "నేను ఎవరికీ బాకీ లేను నాయనా, నా పేరు ఎందుకు వేశారు?" అని అడిగారు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలంటే నా కథ అంతా చెప్పాలి. చెప్పాను. బయటి మనిషితో చెప్పడం అదే మొదటిసారి. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్లేటప్పుడు, "కొనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పనా?" అన్నారు. ఎనిమిది నెలలు నేను ఎవరికీ తెలియకూడదని చచ్చీచెడీ కాపాడుకున్న ఆ రహస్యమే నాకు కొనుగోలుదారు దొరక్కుండా చేసింది, బావా. ఇల్లు అమ్మకానికి ఉందని తెలిస్తే కదా ఎవరైనా వచ్చేది!

అంతకుముందు వచ్చినవాళ్ల సంగతి చెప్పకూడదనుకున్నాను, కానీ నీకు అవసరం. బ్రోకరు తెచ్చిన మొదటి మనిషి ఇంట్లోకి కూడా రాకుండా గేటు దగ్గరే "బ్యాంకు ఇల్లట కదా, ముప్పై రెండు లక్షలకు ఇచ్చెయ్యండి" అన్నాడు. చుట్టుపక్కల ధర నలభై అయిదుకు తక్కువ లేదు. ఇంకొకడు కొనడానికి రాలేదు, అప్పు ఇస్తానని వచ్చాడు. మూడు లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ, దానికి ఇంటి మీద సేల్ అగ్రిమెంటు, ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు. ఏడాదికి 36 శాతం! నెలకు తొమ్మిది వేలు వాడికి, ఇరవై వేలు బ్యాంకుకు, ప్రెస్సు మీద వచ్చేది చూస్తే పద్దెనిమిది. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసీ కలం చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో తెలుసా? వాడు బ్యాంకువాళ్లలా కాకుండా నవ్వుతూ మాట్లాడాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ కాగితాలు నా ముందునుంచి తీసేసింది. నీ దగ్గరికీ అలాంటివాళ్లు వస్తారు. గుమ్మం ఎక్కనివ్వకు.

మామ్మగారి మాట పట్టుకుని వచ్చినవారు ఒక ఉపాధ్యాయుడు. ఆమె దగ్గర చదువుకున్న మనిషి. ఆయనకు నేను అన్నీ ముందే పరిచాను. నోటీసులు, ప్రకటన, బ్యాంకు స్టేట్‌మెంటు, మా దస్తావేజు నకలు. ఆస్తి మీద ఏ తనఖాలున్నాయో చూపే ఈసీ తీయిస్తే బ్యాంకుది ఎలాగూ కనిపిస్తుంది, దాచి లాభం లేదు. నలభై ఒకటికి కుదిరింది. ఇద్దరం బ్యాంకుకు వెళ్లి అనుమతి లేఖ, ఫలానా తేదీకి ఇంత కడితే ఖాతా ముగుస్తుందని ఇంకో లేఖ తీసుకున్నాం. ఆయన బయానా నాలుగు లక్షలు నా చేతికి రాలేదు, నేరుగా నా లోను ఖాతాలో పడింది. ఆయనకు ఇంకో బ్యాంకు రుణం మంజూరు చేసింది, మా బాకీ మేరకు చెక్కు మా బ్యాంకు పేరనే ఇచ్చింది. సిరిమాను సంబరం దాటిన మరుసటి వారం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకే పూట తనఖా రద్దు, అమ్మకం రెండూ అయిపోయాయి.

లెక్క ముగించే ముందు స్టేట్‌మెంటు ఒక్కో వరుస చదివాను. ఇది మాత్రం బాగా చేశానని చెప్పగలను. వసూలుకు మనిషి వచ్చినందుకు రుసుము అని ఒకే తేదీకి రెండుసార్లు రాసి ఉంది. అపరాధ రుసుము మీద మళ్లీ వడ్డీ పడింది. 2024 నుంచి అపరాధ రుసుమును అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కాగితం మీద రాసి ఇచ్చాను. పదకొండు వేలు తగ్గించారు. ఇంటి రుణం ఫ్లోటింగ్ వడ్డీది కాబట్టి ముందుగా ముగించినందుకు వేరే రుసుము లేదు. నీది వ్యాపార రుణం, నీ ఒప్పందంలో ఏముందో చూడాలి.

చివరికి బ్యాంకుకు 22 లక్షల 90 వేలు పోయింది. చేబదుళ్లు అయిదు, బంగారం రెండున్నర పైచిలుకు, కాగితం కొట్టుకు ఒకటిన్నర. చేతిలో మిగిలింది తొమ్మిది లక్షలు. వేలంలో అమ్మినా బాకీ పోగా మిగిలింది మనకే ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ ముప్పై లోపు పోయి ఉంటే ఏం మిగిలేది? మిగతా అప్పులు తీర్చడానికే చాలేది కాదు.

ఇప్పుడు కంటోన్మెంటు వైపు ఒక పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. నెలకు ఏడు వేలు. మామ్మగారు అప్పుడప్పుడూ పెరటి కరివేపాకు పంపిస్తున్నారు. కొత్త ఇంటివాళ్లు గేటుకు రంగు వేశారట, మైదా మరక కూడా పోయి ఉంటుంది. ఆ వీధి మీదుగా నేను ఇంకా వెళ్లలేకపోతున్నాను. మా ఆవిడ వెళ్తుంది.

ఇక నీ సంగతి. నీవి రెండు వాయిదాలే తప్పాయి, తొంభై రోజులు ఇంకా నిండలేదు. అంటే నాకు దొరకనివి నీకు దొరుకుతాయి. చిన్న పరిశ్రమలకు ఖాతా ఎన్‌పీఏ కాకముందే ఆదుకునే విధానం ఒకటి 2016 నుంచి బ్యాంకుల్లో ఉంది. బ్యాంకు కమిటీ చూసి గడువు పెంచవచ్చు, వాయిదాలు మార్చవచ్చు. అందుకు నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే నీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం ఎక్కడుందో వెతుకు. గింజల ధర పెరగడం, సరుకు నిలిచిపోవడం, అన్నీ లెక్కలతో రాసి ఇవ్వాలి. తిత్లీ తుపాను రాత్రి పైకప్పు ఎగిరిపోతే మర్నాడే రేకులు ఎక్కించి పని మొదలుపెట్టినవాడివి నువ్వు. ఆ రోజు నీకు సిగ్గు వేయలేదు, ఎందుకంటే గాలి అందరి పైకప్పూ ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఒక్కడివే అనుకుని లోపల కూర్చోకు.

చెల్లెమ్మకు చెప్పావా? చెప్పలేదని నాకు తెలుసు. ఈ ఉత్తరం ఆమె చేతికే ముందు అందాలని కవరు మీద ఇద్దరి పేర్లూ రాస్తున్నాను.

ఆదివారం పలాస పాసింజరుకు వస్తున్నాను. లోను స్టేట్‌మెంటు, మంజూరు లేఖ, రెండేళ్ల జీఎస్టీ కాగితాలు తీసి పెట్టు. రాత్రి కూర్చుని దరఖాస్తు రాద్దాం, సోమవారం పొద్దున్నే నీతోపాటు బ్యాంకుకు నేనూ వస్తాను.

నీ
బావ

(మా ఆవిడ రాయమంటోంది: అన్నయ్యా, ఆయన బాగానే ఉన్నారు, భోజనం చేస్తున్నారు, ప్రెస్సు మూయలేదు. మీరు ఫోను ఎత్తడం మానకండి.)