విజ్ఞాన వార్తల్లో దోషపరిమితిని కూడా ముద్రించాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

విజ్ఞాన వార్తల్లో సిద్ధాంతం చెప్పిన అంకెను, ప్రయోగంలో వచ్చిన అంకెను పక్కపక్కన పెట్టి, రెండూ కలిశాయా లేదా అని తేల్చేయడం పరిపాటి అయింది. ఆ అంకెలు ఎంతవరకు నమ్మదగినవో తెలిపే దోషపరిమితి మాత్రం తరచు అచ్చుకు నోచుకోదు.

రెండు బోసాన్లు (ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల రకం కణాలు) జంట కట్టగలిగే అంచున ఉన్నప్పుడు, మూడు కలిసి వరుస బంధిత స్థితులుగా, అంటే విడిపోకుండా కలిసి ఉండే గుంపులుగా, ఏర్పడతాయనీ, వాటి పరిమాణం మెట్టుమెట్టుకు సుమారు 22.7 రెట్లు పెరుగుతుందనీ భౌతిక శాస్త్రవేత్త విటాలీ ఎఫిమోవ్ 1970లో ప్రతిపాదించారు. 2006లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ శాస్త్రవేత్తలు అతిశీతల సీజియం వాయువులో దీనికి తొలి ఆధారం చూపారు. 2014లో అక్కడే కొలిచిన నిష్పత్తి 21.0. ఇంతవరకే చదివినవారు సిద్ధాంతం తప్పిందనుకుంటారు. కానీ ఆ కొలతకు దోషపరిమితి 1.3, దాన్ని లెక్కలోకి తీసుకుంటే 1.7 తేడా సిద్ధాంతాన్ని కాదనడానికి చాలదు.

సిద్ధాంతానికీ దోషపరిమితి ఉంటుందన్నది ఇంకా తక్కువమందికి తెలుసు. ఇటువంటి లెక్కలకు వాడే ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ అనే పద్ధతి అతి దగ్గరి దూరాల వివరాలను వదిలి, వాటి ప్రభావాన్ని కొద్దిపాటి స్థిరాంకాల్లో ఇముడుస్తుంది. వదిలినదాని వల్ల ఎంత తప్పు రావచ్చో కూడా అదే అంచనా కడుతుంది. హీలియం పరమాణువుల మధ్య స్కాటరింగ్ లెంగ్త్ (తక్కువ శక్తిలో అవి ఒకదానిపై ఒకటి చూపే ప్రభావాన్ని తెలిపే దూరం) సుమారు 100 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎఫెక్టివ్ రేంజ్ (వాటి మధ్య బలం ఎంత దూరం పనిచేస్తుందో సూచించేది) సుమారు 7 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి, ఈ రెండింటి నిష్పత్తిని బట్టి తొలి దశ లెక్కలో, అంటే అన్నిటికంటే స్థూలమైన లెక్కలో, ఏడెనిమిది శాతం తప్పు ఉండవచ్చని ముందే చెప్పవచ్చు. నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఈ నిజాయితీయే.

మరొకటి. జంటల సమాచారం ఒక్కటే మూడు బోసాన్ల లెక్కకు చాలదనీ, తొలి దశలోనే మూడు కణాలకు సంబంధించిన ఒక స్థిరాంకాన్ని విడిగా నిర్ణయించాలనీ బెడాకే, హామర్, వాన్ కోల్క్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1999లో చూపారు. అంటే మూడు కణాల కొలత ఒకటి బయటి నుంచి తెచ్చుకోవాలి. 22.7 అనే నిష్పత్తికి అది అక్కరలేదు. ఫలానా బంధితస్థితి శక్తి ఎంతో చెప్పడానికి కావాలి. ముందే అందించిన అంకెను సిద్ధాంతం ఊహించిందని రాస్తే పాఠకుడికి అన్యాయం జరిగినట్టే.

కాబట్టి ఇటువంటి ప్రతి వార్తలోనూ దోషపరిమితినీ, లెక్కకు ముందుగా ఏ కొలతలను తీసుకున్నారన్నదాన్నీ ఒక్క వాక్యంలోనైనా చేర్చాలనీ, పరిశోధన సంస్థల ప్రకటనల్లో ఆ వివరాలు లేనప్పుడు విలేకరులు అడిగి తెలుసుకోవాలనీ నా మనవి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర పాఠకుడు