గ్రాంటు రెండో విడత ఎప్పుడిస్తారో చెప్పండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా ఐదో ఉత్తరం. ముందు పంపిన నాలుగింటిలో రెండింటికి అందినట్టు రసీదు వచ్చింది. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో మాది ఐదుగురితో మొదలైన చిన్న కంపెనీ. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రొటీన్‌ను ఈస్ట్ అనే సూక్ష్మజీవి చేత తయారు చేయిస్తున్నాం. ఈ పనికి ప్రభుత్వం ఇస్తామన్న గ్రాంటులో మొదటి విడత చెప్పిన టైముకే వచ్చింది, కాదనను. రెండోది పదకొండు నెలలుగా రాలేదు.

మొదటి విడత డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ సీఏ సంతకంతో పంపాం. ఫార్మాట్ మారిందన్నారు, మళ్లీ పంపాం. ఈలోగా ఆర్థిక సంవత్సరం అయిపోయింది, మార్చి 31 దాకా లెక్కలు కొత్తగా కావాలన్నారు. అవీ పంపాం. ఆ ఫైలు చూసే ఆయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినావిడ మర్యాదగానే మాట్లాడారు, "ప్రాసెస్‌లో ఉందండీ" అన్నారు. ఆ మాట విని కూడా నాలుగు నెలలైంది.

ఫైలు ఆగిందని మేం పని ఆపలేం సార్. మేం వాడే పిచియా అనే ఈస్ట్ ముందు గ్లిజరాల్ తిని పెరుగుతుంది. తర్వాత మిథనాల్‌ను కొంచెం కొంచెంగా అందిస్తే ప్రొటీన్ తయారు చేస్తుంది. మిథనాల్ ఎక్కువైతే ఈస్ట్ చచ్చిపోతుంది. ఒక్కో బ్యాచ్‌కు ఐదు రోజులు పడుతుంది, రాత్రిళ్లు కూడా ఈస్ట్‌ను పెంచే ట్యాంకు, అంటే ఫెర్మెంటర్ దగ్గర మనిషి ఉండాలి. ఆ రాత్రి డ్యూటీ చేసే అమ్మాయికి మూడు నెలలు జీతం ఇవ్వలేకపోయాం. ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లని ఊరుకుంటారు? పోయిన నెల వేరే ఉద్యోగంలో చేరింది. వెళ్లే రోజు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తెరిచి, మా ఈస్ట్ రకాలను దాచి, తను మార్కర్‌తో నంబర్లు రాసిపెట్టిన చిన్న ట్యూబుల పెట్టె తీసి, ఏది ఎక్కడుందో ఒక్కొక్కటీ చూపించింది. "17 జాగ్రత్త సార్, అదొక్కటే ప్రొటీన్ బాగా ఇస్తోంది" అంది.

మా రెండేళ్ల కష్టం ఆ పెట్టెలోనే ఉంది. ఇప్పుడు ఆ ఫ్రీజర్ కంప్రెసర్ గడగడమని మోగుతోంది. రిపేరుకు అడ్వాన్స్ ఇచ్చే పరిస్థితి లేదు. రాత్రి కరెంటు పోతే నాకు ఒకటే టెన్షన్, జనరేటర్ ఆన్ అయిందా అని వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తుంటాను.

1997లో ఇదే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఇదే పిచియాతో తయారు చేసి, మామూలు జనానికి అందే ధరకు తెచ్చింది. అది చూసే నాబోటి వాళ్లం ఈ దారి పట్టాం. 2024లో కేంద్రం తెచ్చిన బయోటెక్ విధానం బయోఈ3లో స్మార్ట్ ప్రొటీన్లకు, అంటే మాలాగా జంతువుల అవసరం లేకుండా తయారుచేసే ప్రొటీన్ల వంటివాటికి, చోటిచ్చారని తెలిసి ఎంత సంతోషించామో! మంచి విధానం అది. కానీ ఒప్పుకున్న డబ్బు ఇలా ఏడాది పాటు ఆగిపోతే చిన్న ల్యాబులు ఎలా బతుకుతాయి?

మేం కొత్తగా ఏమీ అడగడం లేదు. ఒప్పందంలో ఉన్నదే ఇప్పించండి. మా లెక్కల్లో తప్పుంటే చూపించండి, దిద్దుకుంటాం. ఇవ్వడం కుదరదంటే ఆ మాటైనా చెప్పండి, వేరే దారి చూసుకుంటాం. దయచేసి ఏదో ఒకటి చెప్పండి సార్. ఇస్తామంటే ఒక తేదీ చెప్పండి. అది చూపించి మెకానిక్‌ను బతిమాలుకుంటాను, ఆ అమ్మాయిని తిరిగి రమ్మని అడుగుతాను.

భవదీయుడు,
ఒక స్టార్టప్ వ్యవస్థాపకుడు,
హైదరాబాద్