19 రోజులైంది, ఒక్కరైనా మాట్లాడండి

కస్టమర్ కేర్ వారికి,

ఇది నేను పంపుతున్న ఐదో మెయిల్. ముందు నాలుగింటికీ "మీ ఫిర్యాదు అందింది" అన్న ఒక్క ముక్కే వచ్చింది.

భువనగిరి కోట ఎక్కడానికి మా ఇంట్లో 9 మందికి మీ దగ్గర గైడ్‌తో ట్రెక్ బుక్ చేశాను. మా నాన్నకు 64 ఏళ్ళు, అక్క కూతురికి 12, నేను తప్ప ఎవరికీ కొండ ఎక్కిన అలవాటు లేదు. అందుకే హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో, చాలావరకు మెట్లున్న కొండ చూసుకున్నాను. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు శిక్షణ తీసుకుంది ఈ బండ మీదే అని చెప్పిన దగ్గర్నుంచి పిల్ల రోజూ ఎప్పుడు వెళ్తాం అని అడిగేది.

గైడ్ రాలేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోవచ్చు, దాన్ని నేను తప్పు పట్టను. ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి "బయల్దేరారు మేడమ్, పది నిమిషాలు" అంది. అరగంట తర్వాత ఇంకో అబ్బాయి "మీ పేరు మీద బుకింగే లేదు" అన్నాడు, డబ్బు కట్టిన మెసేజ్ చదివి వినిపిస్తే లైన్‌లో ఉండమని 14 నిమిషాలు పాట వినిపించి కట్ చేశాడు. మూడో ఆవిడ మా బ్యాచ్‌ని అనంతగిరికి మార్చామని, మెసేజ్ పంపామని చెప్పింది. మాకు ఏ మెసేజూ రాలేదు. కొండ కింద నిలబడ్డ పెద్దాయన గురించి చెబుతుంటే "సిస్టమ్‌లో చూడాలి మేడమ్" అనడమేనా?

చివరికి మేమే ఎక్కాం. అప్పటికే ఎండ ముదిరింది, అది 500 అడుగుల ఏకశిల, పైకి వెళ్ళేకొద్దీ నీడ ఉండదు, రాయి వేడెక్కిపోయింది. నాన్న ఆయాసపడుతూ ఒక దర్వాజా దగ్గర కూర్చుండిపోయారు. నీళ్ళు కూడా అయిపోవస్తుంటే శిఖరం కనిపిస్తుండగానే అందరినీ దింపేశాను. కారులో ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత 11 సార్లు ఫోన్ చేశాను. మీవాళ్ళు అకౌంట్స్‌ని అడగమంటారు, అకౌంట్స్ వాళ్ళు బుకింగ్ వాళ్ళని అడగమంటారు. అదే స్క్రీన్‌షాట్ మూడుసార్లు పంపించుకున్నారు. మొన్న "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్! ఎవరు పరిష్కరించారండీ, ఎప్పుడు?

నాలుగేళ్ళుగా రాచకొండకీ దేవరకొండకీ మీతోనే వచ్చాను, మా స్కూల్లో టీచర్లందరికీ మీ పేరే చెప్పాను. అలాంటి మనిషికి ఒక్క ఫోన్ చేయలేకపోయారు. డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే, అది ఎలాగూ తప్పదు. అంతకంటే ముందు మీలో బాధ్యత గల ఒకరు మా నాన్నకు ఫోన్ చేసి మాట్లాడాలి. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కాల్ చేసిన తేదీలు, టైములు అన్నీ రాసి పెట్టుకున్నాను.