గరుకు వెండి – జెరాల్డ్ బెన్నీ

అందరికీ నమస్కారం. వెండి సామాను మెరుగు గురించి గ్రూపులో నడుస్తున్న మాటలు చూశాక జెరాల్డ్ బెన్నీ గుర్తొచ్చారు. 1930లో ఇంగ్లండులోని హల్‌లో పుట్టిన వెండి పనివాడాయన. ఓసారి వెండి కప్పును సుత్తితో కొట్టి మలుస్తుంటే, కొట్టే మొహం దెబ్బతిన్న సుత్తి చేతికొచ్చిందట. వెండి మీద చెట్టు బెరడులా గరుకు పడింది. నున్నగా చెరిపేయకుండా దాన్నే తన ముద్ర చేసుకున్నారు. పైగా దానిమీద వేలిముద్రలు కనపడవు, తొందరగా నల్లబడదు. పూజ సామాను తోమి తోమి విసిగినవాళ్లకి ఈ సుఖం తెలుస్తుంది!

షెఫీల్డ్‌లోని వైనర్స్ కంపెనీకి చెంచాలు, ఫోర్కులు కూడా డిజైన్ చేశారు. 1974 నుంచి 1983 దాకా లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ప్రొఫెసర్.

మనలో కరీంనగర్ ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల అల్లిక) పని తెలిసినవాళ్లుంటే ఈ గరుకు మీద మీ మాటేంటో చెప్పండి. సన్నతీగ పనివాళ్లకి నచ్చకపోవచ్చనే నా అనుమానం.