తుంటి జారితే గంటల్లోనే చూపించాలి

సంపాదకులకు,

మా నాలుగేళ్ల మనవడు ఆడుకుంటూ జారి పడ్డాడు. మెట్ల మీంచి కూడా కాదు, చదునైన నేల మీదే. కాలు మాత్రం వంగి, మోకాలు లోపలికి తిరిగి, రెండో కాలికన్నా పొట్టిగా కనిపించింది. ముట్టుకుంటే ఒకటే ఏడుపు. ‘బెణుకే, నూనె రాసి లాగితే సరి’ అని చుట్టూ సలహాలు. మా కోడలు ససేమిరా అంది. ఎక్స్‌రేలో తుంటి కీలు వెనక్కి జారిందని తేలింది. మత్తు ఇచ్చి సరిచేశారు.

చిన్నపిల్లల తుంటి గిన్నె, అంటే తొడ ఎముక తల కూర్చునే గుంట, చాలావరకు మెత్తటి మృదులాస్థి, కీళ్లూ వదులుగా ఉంటాయి. పెద్దవాళ్లకు వాహన ప్రమాదంలో అయ్యే గాయం వీళ్లకు మామూలుగా పడినా కావచ్చు. జారిన కీలును సరిచేయకుండా 6 గంటలు దాటితే తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. ఆ నష్టం నెలల తర్వాతా బయటపడొచ్చు. పిల్లాడు పరుగెడుతున్నా చెకప్‌లు మానకూడదు.

మీ ఆరోగ్యం పేజీలో ఎప్పుడూ మాలాంటి ముసలివాళ్ల మోకాళ్ల నొప్పులేనా? తుంటి జారిన కాలు ఎలా ఉంటుందో ఒక బొమ్మ వేయండి. పిల్లల్ని ఆడించే టీచర్లకైనా తెలుస్తుంది.

- ఒక నాయనమ్మ