‘షుగర్ ఫ్రీ’లో ఏముందో రాయించండి

మా జిల్లా ఆహార భద్రతా అధికారి గారికి,

నమస్కారం. రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాను. మిఠాయి కొట్లో ట్రేకి గుచ్చిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ‘షుగర్ ఫ్రీ’ అని ఉంటుంది, అంతే. పాతికేళ్లుగా మధుమేహం ఉన్న మా నాన్నగారు ఆ మాట నమ్మి నాలుగు బర్ఫీలు తిన్నారు. రాత్రంతా విరేచనాలు, పొద్దున షుగర్ 280. ఏం కలిపారో కొట్టువాళ్లకే తెలియదు. చక్కెర బదులు తీపి కోసం వాడే మాల్టిటాల్ అయితే ఎక్కువ తింటే కడుపు చెడుతుంది, షుగరూ కొంత పెరుగుతుంది. అలాంటిదే మరొకటైన ఆస్పర్టేమ్ అయితే ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుజబ్బు ఉన్నవారికి ప్రమాదం; ప్యాకెట్ మీద ఉండే ఆ హెచ్చరిక ఈ ట్రేల మీద కనబడదు. ఇలాంటి స్వీటెనర్లన్నీ విషమని నేననను. వాడిన పదార్థం పేరు ప్రతి ట్రే మీదా తెలుగులో రాయించండి. దసరాలోపు నమూనాలు పరీక్షించి ఫలితాలు ప్రకటించండి.

ఇట్లు,
ఒక మధుమేహ రోగి కుమార్తె